ఫ్లెక్సీ మీద నా పేరు

నా పేరు అంత పెద్ద అక్షరాల్లో అచ్చు కావడం జీవితంలో అదొక్కసారే. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ ఫొటో కింద ఒక మూలన, కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప ఆనని అక్షరాల్లో వచ్చేది. అది కూడా డెస్కులో వాళ్ళకు జాగా మిగిలితేనే. ఆ రోజు ఉదయం చంద్రగిరి రోడ్డులో, బస్సులు తిరిగే మలుపు దగ్గర, మేడ ఎత్తున కట్టిన ఫ్లెక్సీ మీద పసుపు రంగులో నల్ల అంచుతో కనిపించింది. ముందు 'ఛాయాచిత్రం' అని, దాని పక్కన ఇంటిపేరుతో సహా నా పేరు.

పైన ఒక మనిషి బొమ్మ. ఎర్ర పట్టుచీర, తల నిండా కనకాంబరాలు, పళ్ళ మధ్య హెయిర్‌పిన్ను, పైపెదవి మీద ఒత్తుగా మీసం. చేతిలో ఉన్న చిన్న అద్దంలోకి చూసుకుంటున్నాడు. ఆ బొమ్మ పక్కన 'మీసమున్నా మెరిపిస్తాం. ఇక పెళ్ళికూతురి సంగతి చెప్పాలా?' అని రాసి, కింద ఒక బ్యూటీ పార్లర్ పేరు వేశారు.

స్కూటరు పక్కకు తీసి ఆపాను. జేబులో ఫోను మోగింది. నా స్నేహితుడు పంపిన మెసేజి. "సూసినావా సామీ? ఇప్పుడు సంతోషమేనా?" చివర పూలగుత్తి బొమ్మ కూడా పెట్టాడు.

సంతోషం మాట అటుంచి, ముందు నేను అన్న మాట గుర్తొచ్చింది. ఆ వారంలోనే, ఆ బొమ్మలోని మనిషితో ఫోనులో మాట్లాడుతూ, "నేనెవరికీ ఇవ్వలేదు, ఎవరో దొంగిలించి వేసుంటారు, కనుక్కుంటాను" అని గట్టిగా చెప్పాను. ఇప్పుడు దాని కింద నా పేరు ఉంది. రోడ్డున పోయే ప్రతివాడికీ కనిపించేంత పెద్దగా ఉంది.

ఇదంతా ఎట్లా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నేను తిరుపతిలో ఒక దినపత్రికకు ఫొటోగ్రాఫరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. మా స్నేహితుడు అదే ఆఫీసులో ప్రకటనల విభాగంలో ఉండేవాడు. చిత్తూరు మనిషి. మాటకు ముందొక 'సామీ', వెనకొక అరవ 'సుమ్మా ఉండు' లేకుండా మాట్లాడలేడు. మా స్నేహం తగవుతోనే మొదలైంది. ఆయన ఒక ప్రకటన తెచ్చినప్పుడల్లా నా ఫొటో ఒక కాలమ్ తగ్గేది. ఒకసారి శ్రీహరికోటలో ఎండకు మాడి నేను తీసిన రాకెట్ ఫొటోను, కింద ఎరువుల ప్రకటన రావడంతో కుదించారు. కుదించడంలో నా పేరు ఎగిరిపోయింది. నేను వారం పాటు డెస్కులో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆఖరికి ఆయనే నన్ను టీ కొట్టుకు లాక్కుపోయి, "రాకెట్టు పైకి పోయింది, నీ పేరు కూడా దాంతో పాటే పోయింది, వదిలెయ్ సామీ" అని నవ్వించాడు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మా వృత్తిలో ఫొటోగ్రాఫరు మూతి ముడిచాడంటే కారణం ఒకటే అని అందరికీ తెలుసు. పేరు పడలేదని. మిగతా ఏ బాధకూ మేము మూతి ముడవము. ఎండకూ లాఠీ దెబ్బకూ కూడా. మా స్నేహితుడు ఆ పాఠం బాగా నేర్చుకున్నాడు. తర్వాత నా కొంప ముంచింది ఆ పాఠమే.

ఆయన నాకంటే ముందే ఉద్యోగం మానుకుని, సొంతంగా ప్రకటనల ఆఫీసు, ఫ్లెక్సీలు అచ్చువేసే మిషను పెట్టుకున్నాడు. నేను రిటైరైనప్పుడు, ఏళ్ళ తరబడి తీసిన ఫొటోలన్నీ ఆయన ఆఫీసు కంప్యూటరులో కూడా ఒక కాపీ పెట్టాను. ఇంట్లో ఉన్న డిస్కు పాడైతే ఎట్లా అనే భయం నాది. "ఈడ పెట్టుకో సామీ, నా మిషను పోయినా నీ ఫొటోలు పోవు" అన్నాడు. సంవత్సరాల వారీగా సర్ది ఇచ్చాను. ఏది ఎవరికి చూపించవచ్చు, ఏది కూడదు అని ఎక్కడా గుర్తు పెట్టలేదు. ఇప్పుడు కెమెరా పట్టిన పిల్లలకు ఇది చాదస్తంగా అనిపించవచ్చు. స్నేహితుడికి ఫొటోలు అప్పగించేటప్పుడు షరతులు చెప్పడం మాకు తెలియదు. చెప్పి ఉంటే ఆయన నవ్వేవాడు, నేను సిగ్గుపడేవాణ్ణి.

ఇక ఆ ఫొటో సంగతి.

గంగమ్మ జాతరను నేను ప్రతి ఏడూ తీసేవాణ్ణి. జాతర వారంలో మగవాళ్ళు మొక్కు ప్రకారం ఆడవేషం కట్టుకుని వీధుల్లోకి వస్తారు. వేషం కట్టినవాళ్ళు ఎదురైనవాళ్ళను బూతులు తిడతారు. ఎవరూ కోపగించుకోరు. తిట్టు పడినవాడు చేతులు జోడించి తల వంచుతాడు, అమ్మవారి నోటి మాట పడిందని సంతోషంగా ఇంటికి పోతాడు. బయటివాళ్ళకు వింతగా ఉంటుంది గానీ మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు.

వీధిలో తీసిన ఫొటోలు ఏ ఏటికి ఆ ఏడు ఒకేమాదిరి ఉంటాయి. నాకు ఇంటి లోపల, వేషం కట్టుకునేటప్పుడు తీయాలని ఉండేది. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా పనిచేసే ఒకాయన ప్రతి ఏడూ వేషం కట్టేవాడు. చిన్నప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసి బతకడనుకుంటే, సత్తువ ఉన్నన్నాళ్ళూ వేషం కట్టిస్తానని వాళ్ళమ్మ మొక్కుకుంది. చీర ఆమె పెళ్ళిచీరే. కట్టేది కూడా ఆమే. వీధిలో తీసిన ఫొటోలు ఒకటి రెండేళ్ళు ఆమెకు కాపీలు తెచ్చిచ్చాను. ఆ చనువుతో లోపలికి రావచ్చా అని అడిగాను.

ఆమె చాలాసేపు ఆలోచించింది. "బొట్టు పెట్టకముందు బయటోళ్ళు సూడగూడదు నాయినా. మా ఇంట్లో అట్ల కట్టుబాటు. అప్పటికి వాడు నా కొడుకూ గాదు, అమ్మోరూ గాదు. నువ్వు సూస్తే సూడు. సూసింది నీ దగ్గరే ఉండాల."

ఉంటుందన్నాను.

కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా పడుతోంది. ఆయన అద్దంలోకి చూసుకుంటూ పిన్ను పళ్ళతో పట్టుకున్నాడు. ఆమె నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు సర్దుతోంది. మొహం పైకెత్తి కొడుకును చూస్తోంది. నా జీవితంలో తీసిన ఫొటోలన్నిటిలో అదే మంచిదని ఇప్పటికీ నా నమ్మకం. ఆఫీసుకు పోయాక మా డెస్కు పెద్దాయన దాన్ని చూసి మొదటి పేజీకి కావాలన్నాడు. ఇవ్వకుండా ఉండడానికి నాకు ఒక అబద్ధమే తోచింది. "ఫోకస్ సరిగా లేదు సార్" అన్నాను. తాను తీసిన వాటిలో అన్నిటికంటే మంచి ఫొటోకు తానే వంక పెట్టిన ఫొటోగ్రాఫరు నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసి, నన్ను కూడా ఒకసారి చూసి, సరేలే అన్నాడు.

అలా కాపాడుకున్నది, రిటైరైన చాలా రోజులకు, జాతర ఇంకో రెండు వారాలుందనగా, ఊరంతా ఫ్లెక్సీలై వేలాడింది.

మొదట చూసింది నేను కాదు, ఆ లైన్‌మనే. స్తంభం ఎక్కి తీగలు సరిచేస్తుంటే ఎదురుగా తన మొహమే కనిపించిందట. దిగి వచ్చి ఫోను చేశాడు. "సార్, ఆ పటం ఎవురికిచ్చినారు?" అన్నాడు. కోపం లేదు గొంతులో. అదే నన్ను భయపెట్టింది. నేను చెప్పిన జవాబు మీకు ముందే చెప్పాను.

పోయి చూస్తే వాళ్ళమ్మ లేదు అందులో. బొమ్మను నిలువుగా కోసేశారు. అంచున, కుచ్చిళ్ళ దగ్గర, ఆమె వేళ్ళు రెండు మాత్రం మిగిలాయి. కింద చిన్న అక్షరాల్లో అచ్చువేసిన ఆఫీసు పేరు రెండుసార్లు చదివాను. అది మా స్నేహితుడిదే.

ఆయనతో తగాదా పెట్టుకోవడం నాకు తేలిక కాదు. ఒక ఏడు నాకు గుండెలో నొప్పి వస్తే, కారులో పడుకోబెట్టుకుని వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయింది ఆయన. ఐ.సి.యు. బయట చెప్పుల స్టాండు పక్కన తువ్వాలు పరుచుకుని పడుకున్నది ఆయన. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ఏమనాలో వాక్యాలు కూడబలుక్కున్నాను. ఆఫీసులో మిషను నడుస్తోంది, ఇంకు వాసన కొడుతోంది. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది.

"రా సామీ రా. నీకు వంద ఏండ్లు. ఇప్పుడే నీ ఫొటో గురించి ఒకాయన అడిగిపోయినాడు."

"ఒక మాట నన్ను అడగాల్సింది కదా" అన్నాను.

"నిన్నా? అడిగితే వద్దంటావా నువ్వు?"

"అట్ల కాదు. ఎవరి ఫొటో, ఎవరు తీసినారు అనేదొకటి ఉంటుంది కదా."

ఆయన నా మొహంలోకి చూసి, తల ఊపి, భుజం మీద చెయ్యి వేశాడు. "తెలిసింది సామీ తెలిసింది. నీ బాధ నాకు తెల్దా? నేను సూసుకుంటా, నువ్వు కాఫీ తాగు." అంతలో ఎవరో గృహప్రవేశం ఫ్లెక్సీ కోసం వచ్చారు. నేను కాఫీ తాగి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ అడిగింది. "తీసేయమని చెప్పినారా?"

"చెప్పినట్టే."

"చెప్పినట్టే అంటే?"

"అర్థమైందన్నాడు."

ఆవిడ గిన్నెల వైపు తిరిగింది. కడగడంలో చప్పుడు కాస్త ఎక్కువైంది.

తీసేయమని నేను అనలేదు. అనబోయి ఆగాను. ఆయన విన్నది ఒక ఫొటోగ్రాఫరు అలక. అలకకు తనకు తెలిసిన మందు వేశాడు. తన ఖర్చుతో ఫ్లెక్సీలన్నీ దింపి, పసుపు అక్షరాల్లో నా పేరు చేర్చి, మళ్ళీ అచ్చువేసి కట్టించాడు. రాకెట్టుతో పోయిన నా పేరును ఇన్నేళ్ళకు వడ్డీతో సహా తిరిగి ఇచ్చినట్టే అనుకున్నాడు పాపం.

చంద్రగిరి రోడ్డు నుంచి నేను నేరుగా లైన్‌మన్ ఇంటికి పోయాను. ఆలస్యమయ్యే కొద్దీ మాట మరింత చెడుతుందనిపించింది. ఆయన అరుగు మీద కూర్చుని నడుముకు కట్టుకునే తోలు బెల్టును గుడ్డతో తుడుస్తున్నాడు. లేవలేదు. కూర్చోమనలేదు.

"మీరియ్యలేదన్నారు సార్. మీ పేరే ఉండాది."

జరిగింది చెప్పాను. ఫొటోలు ఎక్కడ పెట్టానో, స్నేహితుడు ఎట్లా తీసుకున్నాడో, పేరు ఎందుకు చేర్చాడో. చెబుతుంటే నాకే అది కట్టుకథలా వినిపించింది.

ఆయన మొత్తం విని అన్నాడు. "మీ స్నేహితుడంటారు, మీ అలకంటారు. మీ ఇద్దరి సంగతి నాకెందుకు సార్? నిన్న సబ్‌స్టేషన్లో ఒకడు నన్ను 'అక్కా, ఆ ఫ్యూజు ఏసిపెడ్తావా' అన్న్యాడు. అందరూ నవ్వినారు. వాడే సార్, జాతరలో నేను వేషంతో పోతే వచ్చి కాళ్ళకు మొక్కేది." బెల్టు పక్కన పెట్టాడు. "ఈ ఏడు కట్టను. చెప్పేసినా ఇంట్లో."

లోపలినుంచి వాళ్ళమ్మ గోడ పట్టుకుని వచ్చింది. ఆమెకు చూపు బాగా తగ్గింది. ఫ్లెక్సీ చూడలేదు, పక్కింటివాళ్ళు చెప్పగా విన్నది.

"నన్ను కోసేసినారంట గదా నాయినా, బొమ్మలో."

"అవునమ్మా."

"నా చేతి ఏళ్ళు మాత్రం ఉండాయంట."

"ఉన్నాయమ్మా."

"నేను ల్యాకుండా వాడు సీర ఎట్ల కట్టుకున్న్యాడని అడగలేదా ఎవురూ?" ఆమె ముఖంలో నవ్వులాంటిది కనిపించి పోయింది. తర్వాత గొంతు మారింది. "చాటింపు లోపల తీపించు. బొట్టులేని మొగం అట్ల రోడ్డున ఎండకు ఏలాడతా ఉంటే నేను వీనికి ఈడ బొట్టు పెట్టలేను. పెట్టకపోతే మొక్కు తప్పుతాది. ఈని పానం కోసరం మొక్కింది నేను. నేనుండంగా తప్పగూడదు."

"కట్టనంటిని గదమ్మా" అన్నాడు కొడుకు.

ఆమె అటు తిరగలేదు. నన్నే చూస్తూ నిలబడింది. నా మొహం ఆమెకు ఎంతవరకు కనిపించిందో నాకు తెలియదు.

చాటింపు అంటే జాతర మొదలైనట్టు డప్పు వేసి ఊరికి చెప్పడం. చాటింపు పడితే ఊరివాళ్ళు జాతర ముగిసేదాకా పొలిమేర దాటి పోకూడదని కట్టుబాటు. ఇక ఏ పనైనా దానికి ముందే. రోజులు దగ్గర పడుతున్నాయి.

పరిచయమున్న వకీలు దగ్గరికి పోయాను. కోర్టు ఆవరణలో చింతచెట్టు కింద నిలబడే మాట్లాడుకున్నాం. "పేపర్లో వేసుకునే హక్కు మీ పేపరోళ్ళది. ప్రకటనకు వాడుకునేది మీదే అనుకోవచ్చు. ఉద్యోగంలో చేరినప్పుడు ఏం సంతకం పెట్టినారో సూడాల" అన్నాడు. సంతకం పెట్టిన కాగితాన్ని చదివిన అలవాటు మా కాలంలో ఎవరికీ లేదు. "నోటీసిద్దాం గానీ, వాళ్ళు జవాబిచ్చేలోపల మీ జాతర దాటిపోతుంది. ఇంకోటి. ఆ మనిషే కేసు పెడితే మీ స్నేహితుడి మీద పెడతాడు, పార్లర్ మీద పెడతాడు. మీ పేరు కూడా ఉంది కదా, మీ మీద కూడా." ఈ మాట చెప్పి ఆయన ఇంకో కక్షిదారు పిలిస్తే పోయాడు.

కేసు భయం పట్టుకుంది. రోజూ ఉదయం స్కూటరేసుకుని పోయి, ఏ ఫ్లెక్సీ ఎక్కడుందో చూసుకుని రావడం మొదలుపెట్టాను. ఎందుకో నాకే తెలియదు. ఉన్నవి ఉన్నట్టే ఉండేవి. టీ కొట్ల దగ్గర తెలిసినవాళ్ళు ఆపి, "బాగుంది సార్ ఫొటో, రిటైరైనా చెయ్యి పోలేదు మీకు" అనేవాళ్ళు. తల ఊపి వచ్చేసేవాణ్ణి.

చివరికి మళ్ళీ ఆయన ఆఫీసుకు పోయాను. ఈసారి వాక్యాలు కూడబలుక్కోలేదు.

"తీసెయ్" అన్నాను.

ఆయన నవ్వబోయి ఆగాడు. "ఏం సామీ, పేరులో తప్పు పడిందా?"

"పేరు వద్దు. ఫొటో వద్దు. అన్నీ దింపెయ్. చాటింపు లోపల."

"సుమ్మా ఉండప్పా. పెండ్లిండ్ల సీజను ముగిసేదాకా ఉంచుతానని ఆ పార్లరమ్మకు మాటిచ్చినా. ఇప్పుడు పీకితే మళ్ళా నా గడప తొక్కుతాదా ఆయమ్మ?"

"నేను కూడా ఒకామెకు మాటిచ్చినాను."

"అయితే నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు అడగలేదు?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. మొహం ఎర్రబడింది. "అడగాల్నా? వేలూరుకు పోయిన దినం నిన్నడిగి కారెక్కించినానా నేను?"

మిషను దగ్గర పనిచేసేవాళ్ళు చేతులు ఆపి మావైపు చూశారు. నిజంగానే అడగలేదు ఆయన. అడుగుతూ కూర్చుని ఉంటే నేను ఇప్పుడు ఇది రాస్తూ ఉండేవాణ్ణి కాదు. మా స్నేహమంతా అడగకపోవడం మీదే నిలబడింది. ఒకరి గొడుగు ఒకరు, ఒకరి స్కూటరు ఒకరు, ఎవరూ ఎవరినీ ఏనాడూ అడిగింది లేదు.

"నాదేదైనా అడక్కుండా తీసుకో" అన్నాను చివరికి. "ఇది నాది కాదు."

"మరి ఎవురిది?"

"మొత్తం ఫొటో తెరిచి చూడు."

విసురుగా కూర్చుని తెరిచాడు. కోయని ఫొటో తెర నిండా పరుచుకుంది. మోకాళ్ళ మీద కూర్చున్న తల్లి, పైకెత్తిన మొహం. ఆమె ఏమని చెప్పి నన్ను లోపలికి రానిచ్చిందో, ఇప్పుడు ఏమంటోందో చెప్పాను. ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు. తెరనే చూస్తున్నాడు.

"ఈమెను నేనే కోసినా" అన్నాడు. "అడ్డమని."

తీసేస్తానని అనలేదు. తీయననీ అనలేదు. ఆ రోజు కాఫీ మాటే రాలేదు. బయటికి వచ్చి స్కూటరు తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కున్నాను. అది చేతిలోనే ఉంది.

తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. ఫోను మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. లైన్‌మన్ చేస్తాడేమోనని ఒక భయం, చేయడేమోనని ఇంకో భయం. స్నేహితుడి నుంచి మెసేజి లేదు. ప్రతి ఉదయం తప్పకుండా వచ్చే ఆయన 'శుభోదయం' బొమ్మ కూడా ఆగిపోయింది. ఆ బొమ్మల మీద నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఇప్పుడు దాని కోసమే ఫోను తీసి చూసుకుంటున్నాను.

చాటింపు పడే రోజు మధ్యాహ్నం చంద్రగిరి రోడ్డు మలుపుకు పోయాను. కొయ్యల చట్రం మిగిలింది. తెగిన తాళ్ళు గాలికి ఊగుతున్నాయి. రైల్వే స్టేషన్ వైపు పోయాను, అక్కడా లేదు. రేణిగుంట రోడ్డులో దింపుతూ ఉండగా చూశాను. కూలివాళ్ళు ఇద్దరు పైన ఉన్నారు. కింద తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండలో నిలబడి, తాడు పట్టుకున్నది మా స్నేహితుడు. నన్ను చూశాడో లేదో. నేను ఆగలేదు. ఆగి ఉండాల్సింది.

ఆ రాత్రి డప్పు చప్పుడు విన్నాను.

తర్వాతి ఆదివారం కెమెరా లేకుండా జాతరకు పోయాను. అన్నేళ్ళలో ఖాళీ చేతులతో పోవడం అదే మొదలు. వాళ్ళ వీధి మెయిన్ రోడ్డులో కలిసే మూలలో, టీ కొట్టు పక్కన నిలబడ్డాను. ఆయన వస్తాడో రాడో తెలియదు. కొంతసేపటికి మా స్నేహితుడు కూడా వచ్చాడు. కొంచెం దూరంలో ఆగాడు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకోనట్టు నిలబడ్డాం.

ముందు తిట్లు వినిపించాయి, తర్వాత ఆయన కనిపించాడు. ఎర్ర పట్టుచీర, కనకాంబరాలు, చేతిలో వేపమండ, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. వెనకాల వాళ్ళమ్మ ఎవరి భుజమో పట్టుకుని మెల్లగా నడుస్తోంది.

ఆయన వరసగా అందరినీ తిడుతూ వస్తున్నాడు. కిరాణా కొట్టాయనకు పడ్డాయి, బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్‌కు పడ్డాయి. సబ్‌స్టేషన్లో 'అక్కా' అన్నవాడు కూడా గుంపులో చేతులు జోడించి నిలబడి ఉన్నాడు కాబోలు. ఒకడికి మాత్రం తాతముత్తాతల దాకా పోయి చాలాసేపు పడ్డాయి. జనం కడుపులు పట్టుకుని నవ్వారు.

అప్పుడు మా స్నేహితుడు రెండడుగులు ముందుకు వేసి చేతులు జోడించాడు. "ఆ బొమ్మ ఏసింది నేనే తల్లీ. కోసింది కూడా నేనే."

వేషం ఆయన వైపు తిరిగింది. తిట్లు మొదలయ్యాయి. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. ఆయన మిషను, ఆయన కత్తెర, ఆయన పుట్టుక, ఒక్కటీ వదల్లేదు. మా స్నేహితుడు తల వంచి మొత్తం విన్నాడు. ముగిశాక వేపమండ ఆయన తల మీద తగిలింది. తల ఎత్తినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి.

తర్వాత నా వంతు. నేను చేతులు జోడించి తల వంచాను. ఎదురుగా కాలి మట్టెలు, పట్టుచీర అంచు, అంచు కింద ఎండకు కమిలిన మగపాదాలు. తిట్టు కోసం ఎదురు చూశాను. డప్పులు మోగుతున్నాయి. తల ఎత్తాను. ఆయన నన్ను చూస్తున్నాడు. కోపంగా లేదు ఆ చూపు. తెలిసిన మనిషిని చూసినట్టు కూడా లేదు. పైట కొంగు భుజం మీద సర్దుకుని ముందుకు పోయాడు. నా తర్వాత నిలబడినవాడికి నాలుగడుగుల అవతల తిట్లు మళ్ళీ మొదలయ్యాయి.

జనం కదిలిపోయాక మా స్నేహితుడు నా పక్కకు వచ్చాడు. ఆ గొడవ తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అదే. "నాకు పడింది సామీ."

"చూశాను."

"నీకు?"

"లేదు."

ఆయన నా చెయ్యి పట్టుకుని టీ కొట్టు వైపు నడిచాడు. టీ తాగాం. ఇద్దరికీ ఆయనే చెప్పాడు, నన్ను అడగలేదు.

ఇప్పుడు ఆయన ఆఫీసు కంప్యూటరులో నా ఫొటోలు లేవు. నేనే దగ్గర కూర్చుని తీయించాను. ఆయనకు కొంచెం బాధగానే ఉన్నట్టుంది గానీ పైకి అనలేదు. ఆ ఫొటో మాత్రం నా దగ్గర ఉంది. లైన్‌మన్ ఇంటికి రెండు మూడుసార్లు పోయాను. వాళ్ళమ్మ కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఆయన డ్యూటీలో ఉన్నాడు, పోయిన ప్రతిసారీ.

దింపిన ఫ్లెక్సీలు ఏమయ్యాయని మా స్నేహితుణ్ణి అడిగితే కూలివాళ్ళు తీసుకుపోయారన్నాడు. పాత ఫ్లెక్సీలను మా వైపు ఎవరూ పారేయరు. బండ్లకు నీడగా, గుడిసెలకు కప్పుగా కడతారు. మొన్న ఎండాకాలంలో చిత్తూరు రోడ్డులో పుచ్చకాయలమ్మే పందిరి కింద నిలబడి తల ఎత్తితే, వెలిసిపోయిన పసుపు రంగులో నా పేరు సగం కనిపించింది. మిగతా సగం మడతలో ఉంది. బొమ్మ ఎటువైపు ఉందో చూడాలని అటూ ఇటూ తిరుగుతుంటే, అమ్మేవాడు "కాయలు కిందుండాయి సార్, పైన గాదు" అన్నాడు.

ఈ ఏడు జాతరకు కూడా అదే మూలలో నిలబడ్డాను. కుడిపక్కన ఉన్న టీ కొట్టాయనకు పడింది. ఎడమపక్కన ఉన్న మా స్నేహితుడికి మళ్ళీ పడింది. నాకు ఇంకా పడలేదు.